1298 సీసీ పాత ఇంజన్‌కు చవకలో చిన్న టర్బో: గాలి లెక్కతో మొదలుపెట్టి

బయటికి పోయే పొగ బలంతో ఒక చక్రాన్ని (టర్బైన్) తిప్పి, దానికి జతగా ఉన్న ఇంకో చక్రంతో (కంప్రెసర్) ఇంజన్‌లోకి గాలిని అదిమి పంపేదే టర్బోఛార్జర్. దానిని కొనాలనుకునే ప్రతివారూ ముందుగా ధర అడుగుతారు. చేతిలో ఉన్న డబ్బు పరిమితమైనప్పుడు అది సహజమే గాని, నా అభిప్రాయంలో ధర మూడవ ప్రశ్న కావాలి. మన ఇంజన్ నిమిషానికి ఎన్ని కిలోల గాలి పీల్చుకుంటుంది అన్నది మొదటి ప్రశ్న. ఆ గాలిని అనవసరంగా వేడెక్కించకుండా, పొగ బయటికి పోయే దారిని బిగించకుండా అందించగల టర్బో ఏది అన్నది రెండవది. ఈ రెండింటికీ జవాబు తెలుసుకుని బయలుదేరితే, తక్కువ ఖర్చులో సరిపోయే టర్బో కోసం ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. మన విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లోని పాత సామాన్ల కొట్లలోనే వెతుక్కోవచ్చు.

నేను తీసుకున్న ఇంజన్ మారుతి ఎస్టీమ్‌లో వచ్చిన 1298 సీసీ, 16 వాల్వుల ఎంపీఎఫ్‌ఐ (మల్టీపాయింట్ ఇంజెక్షన్, అంటే ప్రతి సిలిండర్‌కు వేరుగా పెట్రోల్ చిమ్మే) ఇంజన్. జీ13 కుటుంబానికి చెందిన ఈ ఇంజన్‌కు అల్యూమినియం బ్లాకు, నాలుగు సిలిండర్లు, 74 మిల్లీమీటర్ల బోరు, 75.5 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉంటాయి. కంపెనీ చెప్పిన శక్తి 85 హార్స్‌పవర్. జిప్సీలో కూడా ఇదే కుటుంబపు ఇంజన్ ఉండటం వల్ల విడిభాగాలకు ఇప్పటికీ పెద్ద కొరత లేదు, దీని లోపలి సంగతులు తెలిసిన మేస్త్రీలకు ఈ ఊళ్ళో అసలే కొరత లేదు. తొమ్మిదికీ తొమ్మిదిన్నరకూ మధ్య ఉండే కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ సిలిండర్‌లోని గాలిని ఎన్నో వంతుకు అదుముతుందో చెప్పే అంకె) టర్బోకు కొంచెం ఎక్కువే గాని, బూస్ట్‌ను, అంటే టర్బో అదనంగా కలిపే గాలి పీడనాన్ని, మితంగా ఉంచుకుంటే పిస్టన్లు మార్చకుండా పని జరుగుతుంది. నా లక్ష్యం కూడా మితమైనదే: 0.4 బార్ బూస్ట్, అంటే మెకానిక్కుల వాడుకలో సుమారు ఆరు పౌండ్లు.

లెక్కలోకి వెళ్ళేముందు చట్టం మాట ఒకటి చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతిని గట్టిగా చెప్పింది. అందువల్ల ఈ కారు బీచ్ రోడ్డు మీదకు గాని, జాతీయ రహదారి మీదకు గాని వచ్చేది కాదు. లారీ మీద ఎక్కించి చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకువెళ్ళడానికి తయారవుతున్న కారు ఇది. ఇలాంటి పని తలపెట్టేవారు రోజూ ఆఫీసుకు వెళ్ళే కారు మీద కాకుండా వేరే బండి మీద చేయాలని నా మనవి.

ఇక గాలి లెక్క. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలిని పీలుస్తుంది కనుక, 6000 ఆర్‌పీఎం దగ్గర 1.298 లీటర్ల ఇంజన్ నిమిషానికి 3000 సార్లు నిండుతుంది, అంటే 3894 లీటర్లు. సిలిండర్ ఎప్పుడూ పూర్తిగా నిండదు. ఈ తరహా ఇంజన్‌కు 85 శాతం నిండుతుందని అనుకుంటే 3310 లీటర్లు, అంటే 3.31 ఘనపు మీటర్లు వస్తుంది. సముద్రమట్టంలో ఉన్న విశాఖలో 35 డిగ్రీల వేసవి గాలి ఘనపు మీటరుకు 1.15 కిలోల బరువు ఉంటుంది కాబట్టి, టర్బో లేకుండా ఈ ఇంజన్ నిమిషానికి 3.8 కిలోల గాలిని పీలుస్తుంది. పెట్రోల్ ఇంజన్‌లో నిమిషానికి ఒక కిలో గాలి సుమారు 22 హార్స్‌పవర్ ఇస్తుందన్నది ఈ రంగంలో అందరూ వాడే స్థూలమైన లెక్క. 3.8ని 22తో హెచ్చిస్తే 84 వస్తుంది. కంపెనీ చెప్పిన 85కు ఇంత దగ్గరగా రావడం చూసినప్పుడు నాకు ఈ పద్ధతి మీద నమ్మకం కుదిరింది. ఎవరైనా తమ ఇంజన్‌కు ముందుగా ఈ సరిచూపు చేసుకోవాలి. టర్బో లేని స్థితికే లెక్క పొసగకపోతే, 85 శాతం అన్న అంచనానో ఆర్‌పీఎం సంఖ్యనో మళ్ళీ చూసుకోవాలి.

0.4 బార్ బూస్ట్ అంటే పీడన నిష్పత్తి 1.4. గాలి 1.4 రెట్లు లోపలికి వెళుతుందని చాలామంది అనుకుంటారు గాని, అదుముడు వల్ల గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది. 65 శాతం సామర్థ్యంతో పనిచేసే కంప్రెసర్ 35 డిగ్రీల గాలిని ఈ పీడనానికి తెచ్చేసరికి 83 డిగ్రీలకు చేరుస్తుంది. ఆ గాలి అలాగే ఇంజన్‌లోకి పోతే సాంద్రత 1.2 రెట్లే పెరుగుతుంది. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దానిని 50 డిగ్రీలకు దించగలిగితే, దానిలో పోయే కొద్దిపాటి పీడనాన్ని తీసివేసినా, 1.3 రెట్లు దక్కుతుంది. అంటే నిమిషానికి 4.9 కిలోల గాలి, సుమారు 108 హార్స్‌పవర్. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కొంత వెనక్కి జరపక తప్పదు కనుక 105 వచ్చినా నాకు సంతృప్తే. అదే కంప్రెసర్ తనకు అనువుకాని చోట, 50 శాతం సామర్థ్యంతో తిరిగితే గాలి వేడి 97 డిగ్రీలకు చేరుతుంది. ఇంటర్‌కూలర్‌కు మోయలేని పని పడుతుంది, నాకింగ్ (పెట్రోల్ తన సమయం కాకుండా పేలి ఇంజన్‌ను కొట్టడం) దగ్గరపడుతుంది. బూస్ట్ గేజి రెండు సందర్భాల్లోనూ 0.4 అనే చూపిస్తుంది. అందుకే గేజి అంకె చూసి మురిసిపోవడం కన్నా కంప్రెసర్ మ్యాప్ చదవడం నేర్చుకోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

కంప్రెసర్ మ్యాప్ చదవడం కష్టమేమీ కాదు. అడ్డగీత మీద గాలి ప్రవాహం, నిలువుగీత మీద పీడన నిష్పత్తి ఉంటాయి. మధ్యలో వలయాలుగా సామర్థ్యం శాతాలు గీసి ఉంటాయి. ఎడమ అంచు సర్జ్ గీత. అక్కడ గాలి తక్కువై చక్రం పట్టు తప్పి, ప్రవాహం వెనక్కీ ముందుకీ కొట్టుకుంటుంది. కుడి అంచు చోక్; అక్కడికి వెళ్ళాక చక్రం ఎంత వేగంగా తిరిగినా వేడే తప్ప గాలి పెరగదు. మన ఇంజన్ బిందువులను దీని మీద గుర్తించాలి. నా ఇంజన్‌కు 1.4 నిష్పత్తి దగ్గర 2500 ఆర్‌పీఎంలో సుమారు 2.1 కిలోలు, 4000లో 3.3 కిలోలు, 6000లో 4.9 కిలోలు వస్తాయి. ఈ మూడు చుక్కలూ సర్జ్ గీతకు కుడివైపున, చోక్‌కు ఎడమవైపున, వీలైనంతవరకు నడిమి వలయాల్లో పడే టర్బోయే మనకు కావలసినది. వాడిన కార్ల టర్బోలకు మ్యాప్ దొరకదు అన్న మాట చాలావరకు నిజమే. దానికి ఒక సులువైన దారి ఉంది: ఆ టర్బో ఏ ఇంజన్ మీద వచ్చిందో, ఆ ఇంజన్ శక్తి ఎంతో తెలిస్తే, పెట్రోల్ ఇంజన్ అయినప్పుడు ఆ శక్తిని 22తో భాగిస్తే అది నిమిషానికి ఎన్ని కిలోల గాలిని హాయిగా అందిస్తున్నదో తేలిపోతుంది. కంపెనీ ఇంజనీర్లు లక్షల కిలోమీటర్ల పరీక్షలు చేసి కుదిర్చిన జతను మనం ఉచితంగా చదువుకుంటున్నట్టే.

ఈ దారిలో చూస్తే మన దేశపు కార్లలోనే మంచి అభ్యర్థులు కనిపిస్తాయి. టాటా జెస్ట్, బోల్ట్ కార్లలో వచ్చిన 1.2 లీటర్ల రెవోట్రాన్ టర్బో పెట్రోల్ ఇంజన్ శక్తి 90 పీఎస్ (ఒక పీఎస్ దాదాపు ఒక హార్స్‌పవరే). అంటే నిమిషానికి నాలుగు కిలోలు దాటిన గాలి. అది మల్టీపాయింట్ ఇంజెక్షన్ ఇంజన్ కావడం మన వంటి పాత పద్ధతి ఇంజన్లకు మరింత దగ్గరి పోలిక. 2017లో వచ్చిన నెక్సాన్‌లోని 1198 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్ 110 పీఎస్ ఇచ్చింది. లెక్క వేస్తే సరిగ్గా ఐదు కిలోలు. అదే ఏడాది వచ్చిన బలెనో ఆర్‌ఎస్‌లో 998 సీసీ బూస్టర్‌జెట్ ఇంజన్ 102 పీఎస్ ఇచ్చేది. నా అవసరం 4.9 కిలోలు కనుక ఈ వర్గంలోని టర్బోలు నాకు కొలిచి కుట్టించినట్టు ఉన్నాయి. జెస్ట్ టర్బో పెట్టుకుంటే పై ఆర్‌పీఎంలో కొంచెం బిగుతు ఉంటుంది గాని కింద తొందరగా లేస్తుంది. నెక్సాన్ వర్గానిది పైన కూడా తేలికగా ఊపిరి తీసుకుంటుంది.

అయితే కొత్త తరం పెట్రోల్ టర్బోలను విడిగా తెచ్చుకునేటప్పుడు రెండు చిక్కులు ఉన్నాయి. కొన్నిటిలో టర్బైన్ హౌసింగ్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే గొట్టం) కలిసి ఒకే పోతగా ఉంటాయి; ఇంకొన్నిటిలో మానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌లోనే కలిసిపోయి, టర్బో నేరుగా హెడ్‌కు బిగుస్తుంది. మొదటి రకాన్ని కోసి అతికించడం ఇనుప పోత మీద వెల్డింగ్ పని; అది నిలవదు. రెండవ రకం పరవాలేదు, దాని ముఖానికి తగిన ఫ్లాంజ్ మందపాటి పలకలో కోయించుకోవచ్చు. రెండో చిక్కు వేస్ట్‌గేట్, అంటే బూస్ట్ మించకుండా పొగను టర్బైన్ పక్కనుంచి తప్పించే తలుపు. కొన్ని టర్బోలకు కరెంటు మోటారుతో నడిచే వేస్ట్‌గేట్ ఉంటుంది. దానిని నడపడానికి ఇంకో కంట్రోలర్ కావాలి. తక్కువ ఖర్చులో కట్టేవారు పీడనంతో కదిలే డయాఫ్రమ్ యాక్చువేటర్ ఉన్నదానినే చూసుకోవాలి. కొట్లో బేరం మొదలుపెట్టకముందే ఈ రెండూ కళ్ళతో చూడాలి.

ఇంతకన్నా చిన్న ఇంజన్లు పెట్టుకున్నవారికి జపాన్ చిన్న కార్ల టర్బోలు గుర్తుకు రావాలి. అక్కడి కేయ్ తరగతి కార్లకు 660 సీసీ పరిమితి, కంపెనీలు తమలో తాము ఒప్పుకున్న 64 పీఎస్ పరిమితి ఉన్నాయి. ఐహెచ్‌ఐ వారి ఆర్‌హెచ్‌బీ31 వంటి టర్బోలు అలాంటి చిన్న ఇంజన్ల మీద వచ్చాయి. 64ను 22తో భాగిస్తే 2.9 కిలోలు. మారుతి 800 ఇంజన్ 796 సీసీకి 0.4 బార్ బూస్ట్‌తో ఇదే లెక్క వేస్తే నిమిషానికి మూడు కిలోలు వస్తుంది. అంటే మారుతి 800కు, పాత ఆల్టోకు ఆ టర్బో చక్కగా సరిపోతుంది. నా 1298 సీసీకి మాత్రం 3500 ఆర్‌పీఎం దాటాక గొంతు బిగుస్తుంది. కొత్తది కొనగల స్తోమత ఉన్నవారికి గారెట్ జీటీ1241 ఉంది. 41 అన్న అంకె కంప్రెసర్ చక్రం బయటి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. 50 నుంచి 130 హార్స్‌పవర్ వరకు, 0.4 నుంచి 1.2 లీటర్ల ఇంజన్లకు అని తయారీదారే చెప్పిన టర్బో అది. గుణంలో దానికి వంక పెట్టలేను, కాని దాని ధరకు మన బడ్జెట్‌లో మిగతా పనులన్నీ ఆగిపోతాయి. మిత్సుబిషి టీడీ04 పేరు కూడా తరచుగా వినిపిస్తుంది. అది సుబారు, వోల్వో వంటి రెండు లీటర్లు, ఆపై ఇంజన్ల మీద పేరు తెచ్చుకున్నది. 1.3 లీటర్ల ఇంజన్ మీద పెడితే అది లేచేసరికి గేరు మార్చే సమయం వస్తుంది. ట్రాక్ మీద మలుపు దాటి బయటకు వచ్చేటప్పుడు 3000 ఆర్‌పీఎం దగ్గర దొరికే లాగుడే ల్యాప్ సమయాన్ని తగ్గిస్తుంది కనుక, పెద్ద టర్బో మీద నాకు ఏనాడూ మోజు లేదు.

ఇక అందరినీ ఆకర్షించే డీజిల్ టర్బో సంగతి. స్విఫ్ట్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో కార్లలో వచ్చిన 1248 సీసీ డీజిల్ ఇంజన్ మన దేశంలో లక్షల సంఖ్యలో తిరిగింది. వాటి టర్బోలు ఆటోనగర్‌లో అతి చవకగా దొరికేవి. రెనో 1.5 డీసీఐ మీద వచ్చిన బోర్గ్‌వార్నర్ కేపీ35 కూడా ఈ కోవలోదే. గాలి లెక్కలో ఇవి పనికొచ్చేలాగే కనిపిస్తాయి. 4000 ఆర్‌పీఎం దగ్గర 1248 సీసీ డీజిల్ తన ఎక్కువ బూస్ట్‌తో నిమిషానికి నాలుగున్నర కిలోల గాలిని మింగుతుంది, అంటే కంప్రెసర్ పరిమాణం మన అవసరానికి దగ్గరే. చిక్కంతా టర్బైన్ వైపు ఉంది. డీజిల్‌లో పొగ ఎక్కువ పీడనంతో, తక్కువ వేడితో టర్బైన్‌లోకి వస్తుంది. అందువల్ల దాని దారి సన్నగా చేస్తారు. మితమైన బూస్ట్ నడిపే పెట్రోల్ ఇంజన్ పొగ వేడి ఎక్కువ కావడం వల్ల ఉబ్బి ఉంటుంది, దానిని నెట్టే పీడనం మాత్రం తక్కువ. దాదాపు అంతే బరువు పొగ వెళ్ళడానికి రెండింతలకు దగ్గరగా దారి కావాలి. ఆ దారి లేనప్పుడు మిగిలినదంతా వేస్ట్‌గేట్ గుండా పోవాలి. డీజిల్ టర్బో వేస్ట్‌గేట్ రంధ్రం దానికి చాలదు. ఫలితంగా 5000 ఆర్‌పీఎం దాటాక బూస్ట్ మనం అడగకుండానే పైకి పాకుతుంది, సిలిండర్‌లో కాలిన పొగ పూర్తిగా బయటపడక నాకింగ్ మొదలవుతుంది.

దీనికి తోడు వేస్ట్‌గేట్ యాక్చువేటర్ స్ప్రింగు సమస్య ఉంది. డీజిల్ టర్బోల స్ప్రింగులు సాధారణంగా ఒక బార్‌కు దగ్గరగానో, అంతకు మించో తెరుచుకునేలా అమర్చి ఉంటాయి. బూస్ట్ కంట్రోలర్ బూస్ట్‌ను స్ప్రింగు పీడనం కన్నా పెంచగలదు గాని తగ్గించలేదు. తొమ్మిది దాటిన కంప్రెషన్ ఉన్న ఇంజన్‌కు ఒక బార్ అంటే పిస్టన్ రింగుల మధ్య గట్లు విరగడమే. వేడి మాట సరేసరి. డీజిల్ టర్బైన్ ముందు వేడి 700 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే, పెట్రోల్‌లో అది 900 దాటి 950 వరకు వెళుతుంది. పెట్రోల్ టర్బోలకు నికెల్ ఎక్కువగా ఉన్న ఇనుమో, వేడిని తట్టుకునే ఉక్కు పోతో వాడటానికి కారణం అదే. కదిలే రెక్కలు ఉన్న వీజీటీ డీజిల్ టర్బోల జోలికి అసలు పోకూడదు. పెట్రోల్ కారులో ఆ ఏర్పాటు నిలబెట్టడానికి 2006లో పోర్షే 911 టర్బో కోసం ప్రత్యేక లోహాలు వాడవలసి వచ్చింది.

నేను ఈ సంగతులు చర్చించిన ఆటోనగర్ మేస్త్రీ టర్బో కోర్లు (షాఫ్టూ బేరింగులూ ఉండే నడిమి భాగాలు) విప్పి బాగుచేయడంలో జుట్టు నెరిసినవారు. "డీజిల్ టర్బో మీద పెట్రోల్ నడవదని నేననను బాబూ, నడుస్తుంది. ఎన్నాళ్ళన్నదే ప్రశ్న. మీరు అంతదూరం లారీ మీద ఎక్కించుకుని వెళ్ళి, అక్కడ నాలుగు చుట్లకే ఆపేసుకుంటారా?" అని ఆయన అడిగారు. "లేదండీ, ట్రాక్ మీద రోజంతా నడవాలి కదా," అన్నాను. "అయితే పెట్రోల్‌దే చూడండి. వాటికి కోర్ మధ్యలో నీళ్ళ దారి ఉంటుంది, అది ఒక్కటి చాలు," అన్నారు. ఆ మాటలో చాలా అర్థం ఉంది. ఇంజన్ ఆపగానే ఆయిల్ పంపు ఆగిపోతుంది, కాని ఎర్రగా కాగిన టర్బైన్ వేడి షాఫ్ట్ గుండా బేరింగ్‌లోకి పాకుతూనే ఉంటుంది. అక్కడ నిలిచిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడుతుంది. నీళ్ళ దారి ఉన్న కోర్‌లో, ఇంజన్ ఆగిన తరువాత కూడా వేడి నీరు తనంతట తాను పైకి లేచి, చల్లటి నీరు కిందినుంచి వచ్చి, వేడిని తీసుకుపోతుంది. పెట్రోల్ టర్బోలలో ఈ దారి మామూలు. చిన్న డీజిల్ టర్బోలలో చాలావాటికి ఆయిల్ చల్లదనం ఒక్కటే ఉంటుంది.

వాడిన టర్బోను పరీక్షించడానికి డయల్ గేజి తీసుకువెళ్ళడం మంచిది. షాఫ్ట్‌ను పక్కలకు కదిపితే కొంచెం ఆట ఉండటం జర్నల్ బేరింగ్‌కు సహజం, ఎందుకంటే నడిచేటప్పుడు ఆ ఖాళీని ఆయిల్ పొర నింపుతుంది. కాని ముందుకూ వెనక్కూ లాగినప్పుడు ఆట 0.1 మిల్లీమీటరు దాటకూడదు. చేతికి తెలిసేంతగా టకటకలాడితే థ్రస్ట్ బేరింగ్ పోయినట్టే. షాఫ్ట్‌ను ఒక పక్కకు నొక్కి పట్టి తిప్పినప్పుడు రెక్కలు గోడకు తగలకూడదు. కంప్రెసర్ రెక్కల అంచులను గోటితో తడమాలి. ఫిల్టర్ లేకుండా తిరిగిన బండి అయితే ఇసుక తిన్న గుర్తు తెలుస్తుంది. టర్బైన్ హౌసింగ్ లోపల వేస్ట్‌గేట్ రంధ్రం పక్కన సన్నటి పగుళ్ళు చాలా పాత టర్బోలలో ఉంటాయి, వాటికి భయపడనక్కరలేదు. బయటి గోడ వరకు పాకిన పగులు ఉంటే మాత్రం వదిలేయాలి. హౌసింగ్ బాగుండి కోర్ పోయినదే నా దృష్టిలో మంచి బేరం, ఎందుకంటే కోర్ కొత్తది వేసుకోవచ్చు. అయితే ఆ కోర్‌ను బ్యాలెన్స్ చేసిన కాగితం అడగాలి. ఈ చిన్న చక్రాలు నిమిషానికి రెండు లక్షల చుట్లకు పైగా తిరుగుతాయి. మిల్లీగ్రాముల తేడా కూడా ఆ వేగంలో బేరింగ్‌ను తినేస్తుంది. ఆన్‌లైన్‌లో పేరున్న కంపెనీ అంకెలు చెక్కి, నమ్మలేనంత తక్కువ ధరకు అమ్మే నకళ్ళను నేను అసలు లెక్కలోకి తీసుకోలేదు. వాటి హౌసింగ్ ఏ లోహమో, చక్రం ఏ యంత్రం మీద తూగిందో చెప్పే దిక్కు లేదు.

ఆయిల్ వెళ్ళే దారి కన్నా తిరిగి వచ్చే దారి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. టర్బోలోకి ఆయిల్ ఒత్తిడితో వెళుతుంది, కాని బయటకు నురగలా, తన బరువుతోనే దిగాలి. అందువల్ల వెనుతిరిగే గొట్టం కనీసం 12 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో, ఎక్కడా పైకి వంపు లేకుండా, సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్ మట్టానికి పైన కలవాలి. ఇది కుదరకపోతే సీళ్ళు బాగున్నా ఆయిల్ కంప్రెసర్‌లోకి, సైలెన్సర్‌లోకి కారుతుంది. చాలామంది అప్పుడు టర్బోను తప్పుపడతారు. సంప్‌కు ఆ నాజిల్ వెల్డింగ్ చేయించే పని ఇంజన్‌ను బండిలోంచి దించి ఉంచినప్పుడే పూర్తిచేసుకోవాలి.

మానిఫోల్డ్ విషయంలో విశాఖ వాసులం అదృష్టవంతులం. షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, వాటి చుట్టూ పెరిగిన ఫ్యాబ్రికేషన్ షెడ్లు ఉన్న ఊరు కనుక ఆవిరి పైపులు అతికించిన చేతులకు ఇక్కడ కొదవ లేదు. సన్నటి స్టెయిన్‌లెస్ గొట్టాలతో అందంగా వంపులు తిప్పిన మానిఫోల్డ్ కన్నా, షెడ్యూల్ 40 మందం ఉన్న మామూలు ఉక్కు ఎల్బోలతో కట్టిన పొట్టి మానిఫోల్డ్ చవక, గట్టిది, టర్బో బరువును మోస్తుంది. టర్బైన్‌కు దగ్గరగా ఉండటం వల్ల బూస్ట్ కూడా తొందరగా వస్తుంది. సముద్రానికి దగ్గరగా, పెదవాల్తేరు వంటి చోట బండి ఉంచేవారికి ఒక సూచన: మానిఫోల్డ్‌కు గుడ్డ పట్టీ చుట్టకండి. ఉప్పు తేమ ఆ పట్టీలో నిలిచి ఉక్కును లోపల్నుంచి తినేస్తుంది. రేకుతో వేడి అడ్డు పెట్టుకోవడం మేలు.

ఇంటర్‌కూలర్ మాత్రం డీజిల్ కార్ల నుంచే నిర్భయంగా తెచ్చుకోవచ్చు. ఆ కార్లు తుక్కుకు వస్తున్న కొద్దీ మంచి అల్యూమినియం ఇంటర్‌కూలర్లు చవకగా దొరుకుతున్నాయి. కొన్నాక సబ్బు నీళ్ళలో ముంచి గాలి పట్టి చూడాలి, లోపలి పాత ఆయిల్‌ను కిరోసిన్‌తో కడగాలి.

ఇంధనం, కంప్యూటర్ గురించి. ఎస్టీమ్ కాలపు ఎంఏపీ సెన్సార్ (ఇంజన్‌లోకి వెళ్ళే గాలి పీడనాన్ని కొలిచేది) వాతావరణ పీడనం వరకే చదువుతుంది. బూస్ట్ మొదలవగానే దానికి కళ్ళు కనిపించవు. కాబట్టి రెండున్నర బార్ వరకు చదివే సెన్సార్, దాన్ని అర్థం చేసుకునే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) కావాలి. ఆర్డుయినో బోర్డు మీద నడిచే స్పీడుయినో వంటి బహిరంగ డిజైన్లు ఈ ఖర్చును బాగా తగ్గించాయి. 108 హార్స్‌పవర్‌కు నాలుగు ఇంజెక్టర్లలో ఒక్కొక్కటి నిమిషానికి సుమారు 215 సీసీ పెట్రోల్ పోయగలగాలి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) ఇంధనానికి గాలి నిష్పత్తి (ఒక కిలో ఇంధనం కాలడానికి కావలసిన గాలి కిలోలు) 14.7 కాదు, 13.5కు దగ్గర, అందువల్ల ఇంకో ఎనిమిది శాతం కలుపుకుని 240 సీసీ ఇంజెక్టర్లు ఎంచుకున్నాను. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది, ఆక్టేన్ పెంచుతుంది; టర్బో కట్టేవారికి ఇది మేలే. కాని పాత కారు రబ్బరు గొట్టాలు దానిని తట్టుకోవు, వాటిని తప్పక మార్చాలి. ట్రాక్ రోజున 95 ఆక్టేన్‌కు తగ్గని ఇంధనం వాడాలి. మల్కాపురంలో 1957 నుంచి రిఫైనరీ ఉన్న ఊరు మనది. మంచి పెట్రోల్ దొరకలేదనే సాకు మనకు చెల్లదు.

ఎక్కువ కంప్రెషన్‌తో టర్బో పెట్టడం కొత్త ఆలోచన కాదు. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ మొట్టమొదటి టర్బో కార్లలో ఒకటి. దాని కంప్రెషన్ నిష్పత్తి 10.25. బూస్ట్ ఐదు పౌండ్ల చుట్టుపక్కలే ఉన్నా, నాకింగ్ ఆపడానికి నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజన్‌లోకి పిచికారీ చేసేవారు. ద్రవం అయిపోతే బూస్ట్ తగ్గించే ఏర్పాటు కూడా పెట్టారు. చాలామంది యజమానులు ఆ డబ్బా నింపడం మానేశారు, ఆ కారు రెండేళ్ళకే ఆగిపోయింది. ఆ కథ చదివాక నేను నీటి పిచికారీ ఆలోచన వదిలేసి, బూస్ట్‌ను 0.4 దగ్గరే కట్టేసి, ప్రతి పౌండుకు ఒక డిగ్రీ చొప్పున టైమింగ్ వెనక్కి జరిపి మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను. పొగను బట్టి గాలి, పెట్రోల్ పాళ్ళు చెప్పే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ లేకుండా బూస్ట్ మీద ఒక్క మీటరు కూడా నడపకూడదు. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సార్‌తో పనిచేసే ఏ గేజి అయినా చాలు.

మొత్తం ఖర్చు అంచనాలో టర్బోకు నేను పెట్టింది మూడో వంతు కూడా కాదు. మిగిలినది ఈసీయూ, ఇంజెక్టర్లు, మానిఫోల్డ్, గొట్టాలు, గాస్కెట్లు, క్లచ్ ప్లేటు తీసుకుంటాయి. టర్బో మీదే డబ్బంతా పెట్టేవారు ఇక్కడే ఆగిపోతారు కాబట్టి, ముందు ఈ చిన్న వస్తువుల జాబితాకు డబ్బు పక్కన పెట్టి, మిగిలినదానితో టర్బో బేరం చేయడం నాకు సరైన వరుసగా తోచింది. ప్రస్తుతం నెక్సాన్ వర్గపు టర్బో ఒకటి హౌసింగ్ మంచిది, కోర్ పోయినది చూసి ఉంచాను. కొత్త కోర్ బ్యాలెన్స్ కాగితంతో సహా వచ్చాక బిగించి, ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసేసి, ఆయిల్ గేజి లేచేవరకు స్టార్టర్ మీదే ఇంజన్ తిప్పి, ఆ తరువాతే మొదటిసారి స్టార్ట్ చేస్తాము. బూస్ట్ కంట్రోలర్ ఈ ఏడాది బిగించడం లేదు; వేస్ట్‌గేట్ స్ప్రింగు ఇచ్చే పీడనంతోనే మొదటి ట్రాక్ రోజు నడుస్తుంది.